పీతలు దాటే వేళ

"పీతలు కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పవు కెప్టెన్ గారూ," అన్నాడు లెఫ్టినెంట్ ఒస్మాని. తెల్ల జీపు బానెట్ మీద మోచెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఆ బానెట్ ఎంత తళతళలాడుతోందంటే అందులో నా బట్టతల రెండో సూర్యుడిలా కనిపిస్తోంది. "రిటైరయ్యాక మీకు మనుషులకంటే వాటితోనే పరిచయం పెరిగినట్టుంది."

"అవి పక్కగా నడుస్తాయి గానీ పక్కా సాక్షులు అబ్బాయ్," అన్నాను. "మనుషులే నేరుగా నడిచి నేరాలు చేస్తారు."

ఒస్మాని నవ్వలేదు. నా దగ్గర ట్రెయినింగులో ఉన్నప్పుడూ నవ్వేవాడు కాదు. నవ్వని మనిషిని నమ్మకూడదని అప్పుడే అనుకున్నాను గానీ, అది ఫైల్లో రాయదగ్గ కారణం కాదు.

జీపు వెనక సీట్లో బేడీలతో యమిల్కా కూర్చుంది. ఇక్కడ పని ముగియగానే ఆమెను జైలుకు పట్టుకుపోతానని ఒస్మాని ముందే చెప్పేశాడు. పొద్దు అప్పటికే సముద్రం మీదికి వాలుతోంది. ఆ పిల్లని జైలుకు పోకుండా ఆపాలంటే నా దగ్గర ఉన్న వ్యవధి అంతే.

నేను నివాల్డో పెర్దోమో. కొన్నేళ్ళ క్రితం వరకూ పోలీసు కెప్టెన్‌ని. ఇప్పుడు ప్లాయా హిరోన్‌లో నేనూ మా ఆవిడ ఒడాలిస్ కలిసి సైకిల్ యాత్రికులకు గదులు అద్దెకిస్తున్నాం. ఒకప్పుడు అరెస్టులు చేసేవాణ్ణి, ఇప్పుడు రెస్టులు ఇస్తున్నాను. ఏటా వసంతంలో శాంతా క్లారా నుంచి ఒక సైకిల్ క్లబ్బు వస్తుంది. త్రినిదాద్ పట్నంలో మొదలుపెట్టి, ఎడమ చేతి పక్క సముద్రాన్ని వదలకుండా కొన్నాళ్ళపాటు తొక్కుకుంటూ ప్లాయా లార్గా చేరి యాత్ర ముగిస్తారు. ఆఖరి మజిలీ మా ఇల్లు. ఆ క్లబ్బు పెద్ద లియోవిహిల్దో. అందరికీ లియో. ఈ ఉదయం ఆయన ఈ రోడ్డు వారన తల పగిలి, స్పృహ లేకుండా దొరికాడు. చూసింది యమిల్కా. ఆయన అన్న కూతురు.

ఈ తీరం తీరు వేరు. తొలివానలు పడగానే అడవిలోంచి పీతలు లేస్తాయి. సాయంత్రం ఎండ చల్లబడితే అడవి నుంచి సముద్రానికి, వేకువన సముద్రం నుంచి అడవికి. ఆ రెంటికీ మధ్య ఉన్నది మా రోడ్డు. ఆ రెండు వేళల్లో అది మాది కాదు, వాటిది. ఈ ఊళ్ళో పుట్టిన మనిషి అప్పుడు బండి తియ్యడు. సగం జాలి, సగం టైర్ల మీద ప్రేమ. పగిలిన పీత డెక్క మేకు కన్నా పదును. హిరోన్ పక్కన పీతలు సూర్యోదయానికి పలచబడతాయి. ప్లాయా లార్గా వైపు అడవి చిక్కన, అక్కడ ఎండ బాగా ఎక్కేదాకా తగ్గవు.

లియోది ఇంకో పద్ధతి. దారిలో పీతలు మిగిలి ఉంటే ఆయన సైకిల్ దిగి, పొడవాటి తాటాకు చీపురుతో వాటిని మెల్లగా పక్కకు జరుపుతూ ముందు నడుస్తాడు. వెనక క్లబ్బు మొత్తం సైకిళ్ళు నడిపించుకుంటూ ఊరేగింపులా వస్తుంది. సైకిల్ తొక్కేవాళ్ళు లోకంలో చాలామంది. పీతను తొక్కనివాడు ఆయన ఒక్కడే. అందుకే ఆ క్లబ్బులో నాయకుడు అనే మాట లేదు. "ఈ ఏడు చీపురు ఎవరిది?" అంటారు. అంతా నవ్వుతారు గానీ ఆ చీపురు కోసం పోటీ పడేంత ఇదిగా ఎవరూ కిరీటం కోసం కూడా పోటీ పడరు.

గొడవ వచ్చింది దాని మీదే. నిన్న మధ్యాహ్నం మా ఇంట్లో, అన్నం, నల్ల చిక్కుళ్ళు వడ్డిస్తుండగా, వచ్చే ఏడు చీపురు యమిల్కాకు కాదు, డాక్టర్ అబెలార్దోకు ఇస్తానన్నాడు లియో. అబెలార్దో క్లబ్బులో రెండోవాడు, తేనె గొంతు మనిషి. యమిల్కా పళ్ళెం తోసేసి, ప్రాణం ఉండగా ఇవ్వకపోతే పోయాకైనా తీసుకుంటానని బాబాయి మొహం మీదే అరిచింది. ఆ మాట అందరూ విన్నారు. ఈ ఉదయం అందరూ దాన్ని ఒస్మానికి అప్పజెప్పారు.

మిగతాది అబెలార్దో అప్పజెప్పాడు. లియోది, అతనిదీ ఒకే గది. రాత్రి తలనొప్పి అని లియో భోజనానికి రాకుండా పడుకున్నాడట. తెల్లారగట్ల లేచి ఇద్దరూ ఫ్లాస్కులో కాఫీ తాగారట. లియో చీపురు పట్టుకుని, దారి శుభ్రం చేసొస్తానని సైకిలెక్కాడట. కాసేపటికి యమిల్కా కూడా ఎవరికీ చెప్పకుండా అటే వెళ్ళడం కిటికీలోంచి చూశాడట. చెబుతున్నంతసేపూ కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఆ కన్నీళ్ళకి మా ఒడాలిస్ రెండో కప్పు కాఫీ కూడా పోసింది. మాకు కాఫీ ఎంత కరువో తెలిస్తే అది ఎంత పెద్ద సానుభూతో అర్థమవుతుంది.

జీపు దగ్గరికెళ్ళి యమిల్కాను అడిగాను, అంత పొద్దున్నే ఎందుకెళ్ళావని.

"సారీ చెబుదామని, నివాల్డో మామా," అంది. "ఇంట్లో అందరి ముందూ నామోషీ. రోడ్డు మీదైతే ఆయన ముందు ఊడుస్తుంటాడు, నేను వెనక సైకిల్ నడిపిస్తుంటా. మొహం చూడక్కర్లేదు కదా."

అప్పటికి పీతలు ఉన్నాయా అన్నాను. ఇంకా కొన్ని అడవిలోకి దాటుతున్నాయంది. వెళ్ళేటప్పుడు వాటిని తప్పించుకుంటూనే వెళ్ళిందట. ఆయన్ని చూశాక తలెత్తి ఒళ్ళో పెట్టుకుందట. చొక్కా మీద రక్తం అదే. సాయం కోసం వెనక్కి తిరిగాక మాత్రం దిగి నడిపించే ఓపిక లేక, మీదనుంచే తొక్కేసిందట.

"తొక్కేశాను మామా. చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆయన అక్కడ పడి ఉంటే, నేను ఆయన పీతల్ని తొక్కుకుంటూ పోయాను."

"విన్నారుగా," అన్నాడు ఒస్మాని వెనకనుంచి. "పీతల కోసం ఏడుస్తోంది. బాబాయి కోసం కాదు. బెదిరింపు ఉంది, రక్తం ఉంది, ఆ వేళ రోడ్డు మీద ఉన్నట్టు టైర్ల నిండా గుజ్జు ఉంది. ఇంకేం కావాలి మీకు? మీ రోజుల్లో అయితే ఈపాటికి మూడు చోట్ల కాఫీకి ఆగేవాళ్ళు. నేను రాత్రి ప్లాయా లార్గాలో పని మీదున్నా. ఫోను రాగానే సముద్రం పక్కనే ఎక్కడా ఆగకుండా వచ్చేశా. సూర్యుడు చెట్లు కూడా దాటలేదు. పోలీసంటే అదీ వేగం."

"గాలి కొట్టుకోవడం బాగానే నేర్చుకున్నావు," అన్నాను. "జీపు టైర్లకి కొంచెం మిగుల్చు."

అతను నా ముందుకొచ్చాడు. నన్ను ఇక్కడికి రమ్మన్నది తనేనని, మర్యాద ఇచ్చినంతసేపే అది ఉంటుందని గుర్తుచేశాడు. నిజమే, తనే పిలిచాడు. క్లబ్బు వాళ్ళందరూ చూస్తుండగా, మీ ఇంటి అతిథులు కాబట్టి మీరూ చూడండి అంటూ జీపెక్కించాడు. పాత గురువు మీద గౌరవమేమో అనుకుని లోలోపల మురిశాను కూడా. మురిసిన మాట ఒడాలిస్‌కి చెప్పకండి.

అప్పుడే ఊరివైపు నుంచి అంబులెన్సు వచ్చింది. ఉదయమంతా లియోను ఊళ్ళో ఆసుపత్రిలోంచి కదల్చొద్దన్నారు. ఇప్పుడు పెద్దాసుపత్రికి తీసుకెళుతున్నారు. తోడుగా ఎవరు వెళతారని మేం బయల్దేరకముందే అడిగితే, ముందు చెయ్యెత్తింది అబెలార్దో. డాక్టరు తోడుంటే అంతకంటే అదృష్టమేముందని క్లబ్బు వాళ్ళు చేతులు జోడించారు. ఒస్మాని రోడ్డు పక్కకు జరిగి దారిచ్చాడు. వెనక కిటికీలోంచి అబెలార్దో దిగులుగా చెయ్యూపాడు. రెండో చెయ్యి ఒళ్ళోని తెల్ల ఐసుపెట్టె మీద ఉంది.

అంబులెన్సు ప్లాయా లార్గా వైపు మలుపు తిరిగింది. నేను లియో సైకిల్ వైపు తిరిగాను.

అది సముద్రద్రాక్ష పొద పక్కన పడి ఉంది. పక్కన చీపురు. అవతల కుక్కపళ్ళ బండ, అంటే కోరల్లాంటి మొనలతో నీళ్ళలోకి దిగిపోయే మా ఒడ్డు. పొద్దుట్నుంచీ ఎవరూ ముట్టకుండా ఒస్మాని చుట్టూ తాడు కట్టించాడు. రోడ్డు మీద చచ్చిన పీతల్ని రాబందులు పళ్ళెం నాకినట్టు నాకేశాయి. సైకిల్ కిందికి మాత్రం వాటి ముక్కులు పోలేదు.

మోకాళ్ళ మీద కూర్చున్నాను. మోకాళ్ళు రెండూ విడివిడిగా నిరసన తెలిపాయి. సైకిల్‌ని నెమ్మదిగా ఎత్తి పక్కన పెట్టాను. చట్రం కింద నలిగి, నేలకు అంటుకుపోయి కొన్ని పీతలున్నాయి.

"ఇటు రా అబ్బాయ్. ఏం కనిపిస్తోంది?"

"చచ్చిన పీతలు."

"ఇంకా?"

"ఇంకొన్ని చచ్చిన పీతలు."

పుల్లతో ఒకదాన్ని వెల్లకిలా తిప్పాను. పొట్ట కింద రేకు పైకి లేచిపోయి, దాని కింద గసగసాలు తడిపి ముద్ద చేసినట్టు నల్లెరుపు రంగు ముద్ద. రెండోదాన్ని తిప్పాను. అదీ అంతే. మూడోదీ అంతే. ప్రతి ముద్దలో లెక్కపెట్టలేనన్ని ప్రాణాలు, ఒక్కొక్కటి సూదిమొనంత. అరచేతిలో పెట్టుకున్నాను. ఎన్నేళ్ళ నుంచి చూస్తున్నా, అంత చిన్న కడుపు కింద అంత పెద్ద జనాభాను మోసుకుంటూ ఒక పీత అడవంతా దాటి వస్తుందంటే నాకు నోట మాట రాదు. నాకు మాట రాకపోవడం ఎంత అరుదో మా ఊళ్ళో ఎవరినైనా అడగండి.

లేచి జీపు దగ్గరికెళ్ళాను. యమిల్కా సైకిల్‌ని సాక్ష్యం కింద జీపు వెనక కట్టారు. దాని మడ్‌గార్డులో ఒక పీత మొత్తంగా ఇరుక్కుపోయి ఉంది. దాన్ని ఊడదీసి తిప్పాను. అదీ ఆడదే, కానీ పొట్ట ఖాళీ. రేకు శుభ్రంగా, కడిగిన గిన్నెలా ఉంది.

"ఆడపీతలు గుడ్లతో సముద్రంలోకి దిగేది సాయంత్రం," అన్నాను. "కెరటాల్లో నిలబడి రాత్రి గుడ్లన్నీ దులిపేస్తాయి. పొద్దున అడవికి తిరిగొచ్చేటప్పుడు ఖాళీ కడుపు. ఈ పిల్ల తొక్కింది ఖాళీవాటిని. అంటే పొద్దున వచ్చింది, తను చెప్పినట్టే. లియో సైకిల్ కింద పడ్డవి గుడ్లతో ఉన్నవి. లియో పడింది నిన్న సాయంత్రం."

పీత గుడ్లు చూసి లెఫ్టినెంట్ గుడ్లు తేలేశాడు.

నేను ఆపలేదు. నిన్న సాయంత్రం పడ్డ మనిషి ఈ తెల్లారి కాఫీ ఎలా తాగాడు? తలనొప్పితో గదిలో పడుకున్నాడని భోజనాల దగ్గర చెప్పింది ఎవరు? నిన్న సాయంత్రం యమిల్కా అలిగి మా వంటింట్లో ఒడాలిస్‌తో కలిసి ఉల్లిపాయలు కోస్తూనే ఉంది. ఇంట్లో అందరి కళ్ళలోనూ నీళ్ళు అందుకే. ఇంక ఉదయం లియో చేతుల మీద, మెడ మీద నేను చూసిన సన్నటి గీతలు. ముళ్ళ గీతలనుకున్నాను. కాదు. రాత్రంతా వేల పీతలు ఆయన మీదుగా నడిచాయి. సముద్రానికి వెళుతూ నడిచాయి, వెనక్కి వస్తూ నడిచాయి. ఇన్నేళ్ళూ ఆయన వాటిని దాటించాడు. ఆ ఒక్క రాత్రి అవి ఆయన్ని దాటాయి. ఒక్క డెక్క కూడా లోతుగా దిగలేదు.

జీపులో యమిల్కా బేడీల చేతులతోనే మొహం కప్పుకుంది.

"డాక్టర్ ఎందుకు చేస్తాడు?" అన్నాడు ఒస్మాని చివరికి. "చీపురు తనకే ఇస్తానన్నాడుగా."

దానికి జవాబు లియో సైకిల్ చెయిన్‌లో చిక్కుకుని ఉంది. చెయిన్ అంటే అదే కదా, ఒక లింకు పట్టుకుంటే ఇంకోటి వస్తుంది. బెత్తెడు పొడవున ముళ్ళు ముళ్ళుగా, చుక్కలు చుక్కలుగా, విరిగిన మీసం. పీతకు మీసం ఉండదు. ఈ సముద్రంలో అంత గరుకు మీసం ఉన్నది లాబ్‌స్టర్‌కి. అనుమతి లేకుండా దాన్ని పట్టినా, అమ్మినా, మోసినా మా దేశంలో జైలే. అందుకే ఊరవతల దాని ధర బంగారంతో సమానం. బంగారాన్ని చల్లగా దాచాలంటే ఏం కావాలి?

"ఐసుపెట్టె," అంది యమిల్కా. తలెత్తి నా వైపు చూసింది. "దాన్ని పసిపిల్లను మోసినట్టు మోసేవాడు మామా. ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. ఇన్సులిన్ అనేవాడు. మా క్లబ్బులో షుగర్ ఉన్నవాళ్ళే లేరు. ఉన్న షుగరంతా ఆయన మాటల్లోనే."

అబెలార్దో ఇక్కడెవరి దగ్గరో సరుకు అందుకుంటున్నాడు. చీపురు పట్టుకుని పీతల్ని చూడటానికి ఒంటరిగా వచ్చిన లియో ఆ సమయానికి ఇక్కడికి చేరాడు. చూడకూడనిది చూశాడు. చచ్చాడనుకుని వదిలేశారు. చావలేదు. ఇప్పుడు ఆయన ఒక పెట్టెలాంటి బండిలో, తలుపులు వేసుకుని, ఆ డాక్టరు పక్కనే పడుకుని ఉన్నాడు.

నేను నోరు తెరిచేలోగా అడవిలోంచి చప్పుడు మొదలైంది. ఎండుటాకుల మీద చినుకులు పడుతున్నట్టు, తర్వాత వాన పడుతున్నట్టు, తర్వాత ఆ వాన మన వైపే నడిచొస్తున్నట్టు. పొదల అంచు ఎర్రబడింది. ఆ ఎరుపు కదిలింది. రోడ్డు మీదికి ఒక్కటి వచ్చింది, డెక్కలు రెండూ పైకెత్తి, మొత్తం తారును తన పేర రాయించుకున్నట్టు నిలబడింది. దాని వెనక మిగతావి. అల అలా వస్తుందని సముద్రాన్ని చూసినవాళ్ళంటారు. అడవి కూడా అల అవుతుందని ఇక్కడే తెలిసింది నాకు. ఎరుపు, నలుపు, నారింజ. ఎదురుగా పొద్దు నీళ్ళలోకి దిగుతోంది. అవి సూర్యుడి వెంటే పోతున్నట్టు పోతున్నాయి.

"ఎక్కండి," అన్నాడు ఒస్మాని. "అంబులెన్సుని పట్టుకుందాం."

"వద్దు," అంది యమిల్కా. "ఆపండి, వాటి మీద వద్దు."

అతను వినలేదు. ఇంజను అరిచింది. జీపు ఆ ఎరుపులోకి దూకింది. ఆ చప్పుడు నేను రాయను. మలుపు కూడా చేరకుండానే ముందు టైరు, వెనక టైరు, ఇంకో ముందు టైరు వరసగా ఊపిరి వదిలేశాయి. జీపు కుంటుతూ పక్కకు ఒరిగి ఆగింది. అద్దంలాంటి ఆ తెల్ల బండి డెక్కలతో, చిప్పలతో, గుజ్జుతో కింద నుంచి కిటికీల దాకా పూసేసినట్టయింది. వాసన ముక్కులు బద్దలు కొడుతోంది. దిగి దాన్ని చూస్తుంటే నా బుర్రలో ఏదో గీరింది. ఏమిటో అందలేదు. పరుగు తొందరలో ఉన్నవాడికి బుర్ర గోక్కునే తీరిక ఏది?

నడిచే పోవాలి. ఊడిస్తే తప్ప నడవలేం. ఊడవాలంటే చేతులు కావాలి. యమిల్కా చేతులు ముందుకు చాపింది.

"తాళం తియ్యి అబ్బాయ్. లేదా చీపురు నువ్వు పట్టుకో."

ఒస్మాని నా మొహం చూశాడు, రోడ్డు చూశాడు. గుడ్ల సంగతి విన్నాక తియ్యనని అనడానికి అతనికి సాకు లేదు. తాళం తీశాడు. యమిల్కా పీతల సందుల్లో గెంతుకుంటూ వెనక్కెళ్ళి బాబాయి చీపురు తెచ్చుకుంది. తాడు కట్టిన చోటు నుంచి సాక్ష్యాన్ని ఎత్తుకొచ్చిన ముద్దాయిని నేను చూడటం అదే మొదటిసారి.

ఆమె ముందు, నేను మధ్య, ఒస్మాని వెనక. చీపురు కొస నేలను తాకీ తాకనట్టు ఆడించింది. పీతలు ఒక్క క్షణం ఆగి, డెక్కలు దించి, పక్కకు తిరిగాయి. ఒక అడుగు దారి పడింది. ఆ అడుగులో మేం కాలు పెట్టగానే వెనక మూసుకుపోయింది. చుట్టూ లక్షల కాళ్ళ గరగర. ఒక తల్లి పీత నా బూటు మీదికెక్కి, నన్ను ఇంకో బండరాయి అనుకుని దిగిపోయింది. నేను నడవడం మానేసి నిలబడిపోబోయాను. అంత ప్రాణం ఒక్కసారిగా ఒకే వైపు పోతుంటే మనిషికి తను ఏ పని మీద వచ్చాడో గుర్తుండదు. యమిల్కా వెనక్కి చూడకుండా "రండి మామా" అంది. ఆ గొంతు లియోది. ఏటా మా గుమ్మం ముందు వినే గొంతు.

మలుపు తిరగగానే అంబులెన్సు కనిపించింది. ఎరుపు మధ్యలో తెల్లగా, కదలకుండా. నేను దేవుడికి దణ్ణం పెట్టుకోబోయి ఎర్మీనియాకే పెట్టాను. అంబులెన్సు డ్రైవరు ఆమే. ఇంజను ఆపి, బానెట్ మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది.

"మలుపు తిరిగేసరికే ఇవి రోడ్డెక్కాయి. ఇక్కడే పుట్టాను, వీటి మీద నడపను," అంది అడక్కుండానే. "వెనక్కి తిప్పే వీలూ లేదు. పేషెంటుకి ప్రశాంతత కావాలి, నువ్వు బయట కూర్చోమన్నాడు డాక్టరు. మంచివాడు పాపం, తలుపులు కూడా తనే వేసుకున్నాడు."

యమిల్కా గబగబా ఊడ్చుకుంటూ బండి వెనక తలుపు దగ్గరికి చేరింది. నేను తలుపు లాగాను. రెండోసారి లాగితే ఊడొచ్చింది.

అబెలార్దో లియో మీదికి వంగి ఉన్నాడు. చేతిలో సిరంజి. దాని మొన లియో మోచేతికి వేలెడు దూరంలో ఆగిపోయి ఉంది. ఆగిపోవడానికి కారణం లియో. కట్లు కట్టిన తల కింద ఆయన కళ్ళు తెరిచి ఉన్నాయి. ఆయన వేళ్ళు డాక్టరు మణికట్టును పట్టుకుని ఉన్నాయి, పీత డెక్క పట్టినట్టు. విడిపించుకునే కొద్దీ బిగిసే పట్టు అది.

"నొప్పికి మందు ఇస్తుంటే భయపడుతున్నాడు," అన్నాడు అబెలార్దో. తేనె గొంతు కాస్త గడ్డకట్టింది. నేను సిరంజి లాక్కున్నాను. ఐసుపెట్టె మూత కాలితో తన్నాను. ఐసు మధ్య వరసగా లాబ్‌స్టర్ తోకలు. అబెలార్దో మూలకు జారి కూర్చుని రెండు చేతులూ చూపించాడు. ఇంత సులభంగా లొంగిపోతాడనుకోలేదు. అతను నన్ను చూడటం లేదు. నా భుజం మీదుగా, తలుపు బయటికి చూస్తున్నాడు. ఎవరో వచ్చి తనను ఆదుకుంటారన్నట్టు.

"బాబాయ్," అంది యమిల్కా. "నేను అన్న మాట..."

లియో పెదాలు కదిలాయి. వంగి చెవి పెట్టాను.

"ఇద్దరు," అన్నాడు. "కొట్టింది వీడు కాదు. ఇంకొకడు. తెల్ల జీపు."

బుర్రలో గీరుతున్నది అప్పుడు దొరికింది. మలుపు దాకా కూడా పోకుండానే ఆ జీపు గుజ్జుతో మెత్తుకుపోయింది, టైర్లు పోయాయి. అలాంటిది, ఈ ఉదయం పీతలు ఇంకా దాటుతుండగా, ప్లాయా లార్గా నుంచి, చిక్కటి అడవి పక్కన, ఎక్కడా ఆగకుండా వచ్చానన్న జీపు, ఊళ్ళోకి వచ్చినప్పుడే టైర్లు చెక్కుచెదరకుండా, నా బట్టతల కనిపించేంత శుభ్రంగా ఎలా ఉంది? అది ఆ రోడ్డు మీద రాలేదు. నిన్న సాయంత్రం పీతలు లేవకముందే ఇక్కడికి చేరింది. రాత్రి ఇక్కడే ఎక్కడో దాక్కుని, పొద్దున హిరోన్ పక్కన పీతలు పలచబడ్డాక ఊళ్ళోకి వచ్చింది. నన్ను మర్యాదగా పిలిచింది అంబులెన్సు పోయేదాకా నా కళ్ళు కట్టేయడానికి. పీతల మీదికి జీపు దూకించింది తెలియక కాదు, మేం అంబులెన్సును అందుకోకుండా టైర్లు పేల్చడానికే.

వెనక చిన్న చప్పుడు. తోలు మీద లోహం జారిన చప్పుడు. ముప్ఫై ఏళ్ళు విన్న చప్పుడు.

"కెప్టెన్ గారూ, ఆ పిల్లని ఆ చీపురు పడెయ్యమనండి," అన్నాడు ఒస్మాని. గొంతు చాలా మామూలుగా ఉంది. "మీరు కూడా దిగండి. డ్రైవరమ్మా, నువ్వు బానెట్ మీదే ఉండు."

మెల్లగా తిరిగాను. తుపాకీ నా గుండెకు సూటిగా ఉంది. దాని వెనక అతని మొహం. ఆ మొహం వెనక రోడ్డు. సూర్యుడు మునిగిపోయాడు గానీ ఎరుపు పోలేదు. ఎరుపంతా నేల మీదికి దిగింది. ముందూ వెనకా, అడవి నుంచి నీటి దాకా, కదులుతూ, తగ్గకుండా.

"తీశావు సరే," అన్నాను. "తర్వాత ఎటు పోతావు? నీ జీపుకి గాలి లేదు. ఎర్మీనియా బండి కదలదు. కాలినడకన పోదామంటే ఊడ్చే మనిషి కావాలి. ఆ మనిషినే నువ్వు చీపురు పడెయ్యమంటున్నావు."

అతను నవ్వాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి. నేను ఊహించినదాని కన్నా అధ్వాన్నంగా ఉంది. ఒక అడుగు వెనక్కి వేశాడు. బూటు కింద ఏదో పగిలింది, మడమ దగ్గర ఏదో పట్టుకుంది. తుపాకీ కొస ఊగి, మళ్ళీ నిలబడింది.

"చీపురు," అన్నాడు మళ్ళీ.

యమిల్కా నా వైపు చూసింది. స్ట్రెచర్ మీద నుంచి లియో గొంతు వచ్చింది, ఆకులో గాలి ఆడినంత సన్నగా.

"దింపకు, అమ్మా. అది నీదే."

ఆమె దింపలేదు. రెండు చేతులతో పట్టుకుని, తలుపుకీ తుపాకీకీ మధ్య నిలబడింది. మా కాళ్ళ చుట్టూ తల్లులు సముద్రానికి పోతూనే ఉన్నాయి, ఎవరి గొడవా పట్టకుండా. రోడ్డు మళ్ళీ తెరుచుకునేది రేపు ఎండెక్కాకే. అప్పటిదాకా ఇక్కడ ఉన్నది మేం ఆరుగురం, ఒక తుపాకీ, ఒక చీపురు.